ఏడో నంబరు ఎందుకు బతకడు?

కుర్చీలోంచి లేవని మనిషి ఫోన్ దగ్గరికి ఎలా నడిచి వస్తాడు?

వదిన మనసులో పద్దెనిమిదేళ్ళుగా పంటి కింద రాయిలా ఉండిపోయిన ప్రశ్న ఇది. రోజూ పొద్దున దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు అందరి క్షేమమూ అడిగి, ఆఖరున ఇదీ అడుగుతుంది. దేవుడు ఎన్నడూ బదులు చెప్పలేదు. అడగవలసింది దేవుణ్ణి కాదనీ, పక్క గదిలో గడ్డం గీసుకుంటున్న మొగుణ్ణనీ ఆవిడకి తెలియక కాదు. అడిగితే ఏం వినవలసి వస్తుందోనని భయం.

ఆ రోజు ఇంటి తాళంచెవి పోయింది. గుమ్మం ముందు అరగంట నిలబడి, ఇక లాభం లేదని వీధి చివరి కొట్టుకు వెళ్ళి ఆయన పనిచేసే టీవీ స్టూడియోకి ఫోన్ చేసింది. ప్రసారం నడిపించే కుర్చీ ఆయనది; కార్యక్రమం నడుస్తున్నప్పుడు ఫోన్ చెయ్యకూడదని వెయ్యిసార్లు చెప్పాడు. అయినా చేసింది. ఫోన్ ఎత్తిన మనిషి "ఉండండమ్మా, పిలుస్తాను" అన్నాడు; కాసేపటికి "అదిగో, గదిలోంచి బయటికి వస్తున్నారు" అన్నాడు. ఈలోగా తాళంచెవి సంచీ అడుగునే చేతికి తగిలింది. నాలిక కరుచుకుని ఫోన్ పెట్టేసింది. అదే సమయానికి అక్కడ, లక్షలమంది చూస్తుండగా, స్తంభాల మీద నిలబడే పోటీలో ఏడో నంబరు కుర్రాడు నీళ్ళ తొట్టిలో పడి చనిపోయాడు. తర్వాత విచారణలో ఆయన చెప్పింది ఒకటే మాట. "మొదటినుంచి చివరిదాకా కుర్చీలో నేనే ఉన్నాను. లేవలేదు."

లేవనివాడు బయటికెలా వచ్చాడు? వచ్చింది తన ఫోన్ కోసమేనా? తాళంచెవి సరిగ్గా వెతుక్కుని ఉంటే ఒక తల్లికి కొడుకు మిగిలేవాడా?

కిందటి వారం మనం వదినని ఒక సొరుగు ముందు వదిలిపెట్టి వచ్చాం. మరిది పెట్టిన చిన్న ఆటల కంపెనీలో, బొమ్మలమ్మాయి బల్ల సొరుగులో, ఆవిడకి పాత టేపు ఒకటి దొరికింది. దాని మీద చేతిరాతతో ఒక తేదీ ఉంది. ఆ తేదీ వదిన జన్మలో మర్చిపోదు. ఏడో నంబరు పోయిన తేదీ అది.

ఇప్పుడు మర్నాడు. శుక్రవారం. మధ్యాహ్నం మూడు దాటింది. వదిన పొద్దున పదింటినుంచి కంప్యూటరు ముందు కదలకుండా కూర్చుని ఉంది.

ఆ గది ఒక టైలరు కొట్టు మీద, రెండో అంతస్తులో ఉంటుంది. కింద మిషన్లు నడిస్తే పైన బల్లల మీది టీ గ్లాసులు సన్నగా వణుకుతాయి. ఉద్యోగులు ముగ్గురే. ఆట రాసేది మరిది. మనుషుల్నీ గోడల్నీ గీసేది బొమ్మలమ్మాయి. ఆడి చూసి తప్పులు పట్టేది వదిన. "ఆటలంటే ఏమిటో తెలియని మనిషి ఒకరు కావాలి వదినా. నీకంటే ఎవరు దొరుకుతారు?" అని మరిది ఆవిణ్ణి ఏడాది కిందట పిలుచుకొచ్చాడు. పదేళ్ళ వయసునుంచి తన చేతి అన్నం తిన్నవాడు. కాదనలేకపోయింది. మరిది వదినా అంటాడు కాబట్టి బొమ్మలమ్మాయీ వదినా అంది. అది విని టీ తెచ్చేవాడూ, కింద టైలరూ, కరెంటు మీటరు చూసేవాడూ అందరూ అదే అందుకున్నారు. "నాకున్నది ఒక్క మొగుడు, మరుదులు మాత్రం వీధినిండా" అని ఆవిడే నవ్వుతుంది.

ఆట ఏమిటంటే, టీవీలో నడిచే ఒక ప్రాణాంతకమైన పోటీ. పెద్ద నీళ్ళ తొట్టి, గడులు గడులుగా స్తంభాలు, వాటి మీద పన్నెండుమంది. చదరంగంలాగే వంతులవారీగా సాగుతుంది. మన వంతులో మన మనుషుల్ని జరుపుతాం, ఒకరి చెయ్యి ఒకరికి అందిస్తాం, మంచినీళ్ళు పంచుతాం. తర్వాత కార్యక్రమం వంతు. అది ఒక స్తంభం కుంచిస్తుంది, ఒకటి ఊపుతుంది, చూసే జనాన్ని ఓట్లడుగుతుంది. మన వంతులో ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. తొందరపెట్టేవాడు లేడు. కానీ 'వంతు ముగించు' అన్న మీట నొక్కామా, ఇక మన చేతిలో ఏమీ ఉండదు.

మొదట్లో వదినకి ఇది పాపంలా తోచింది. బొమ్మలే అయినా చావుని ఆడుకోవడమేమిటని రెండు రోజులు అన్నం సహించలేదు. మూడోరోజున పన్నెండుమందిలో తొమ్మండుగురిని బతికించింది. దాంతో రుచి మరిగింది. ఎత్తుకు పైఎత్తు వెయ్యడం వచ్చాక ఆవిడ ముందు మరిది కూడా నిలవలేకపోయేవాడు. ఏ వంతులో ఏం చేసిందీ, ఎందుకు చేసిందీ నోటుపుస్తకంలో రాసుకుంటుంది. అందులో ముప్పయ్యేడు ఆటల లెక్క ఉంది. ముప్పయ్యేడింటిలోనూ ఏడో నంబరు తొమ్మిదో వంతులోనే పడిపోయాడు. నీళ్ళిచ్చినా పడ్డాడు. వెడల్పాటి స్తంభం మీద నిలబెట్టినా పడ్డాడు. ఇద్దరు చెరో చెయ్యీ పట్టుకున్నా పడ్డాడు.

ఈ రోజు ముప్పయ్యెనిమిదో ఆట. తొమ్మిదో వంతు వచ్చింది. వదిన మీట నొక్కలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తెరమీద ఏడో నంబరు స్తంభం మీద నిలబడి, ఒక కాలి మీది బరువు రెండోకాలి మీదికి మార్చుకుంటూ ఉన్నాడు. అలా నాలుగు గంటలుగా నిలబడి ఉన్నాడు.

"వదినా, పాపం వాడికి కాళ్ళు పీకుతాయేమో" అంది బొమ్మలమ్మాయి, తన బల్ల దగ్గర్నుంచి.

"పీకితే పీకనీ. బతికున్నవాడికే కదా కాళ్ళు పీకేది."

"మీరు భోజనానికి కూడా లేవలేదు."

"నేను లేస్తే నువ్వొచ్చి నొక్కేస్తావు. నీ సంగతి నాకు తెలియదా?"

బొమ్మలమ్మాయి నవ్వి, తలొంచుకుని, మళ్ళీ తలెత్తింది. నిన్నటినుంచి ఆ పిల్లకి ఏదో అడగాలని ఉంది. "ఆ టేపు చూసి మీరెందుకలా అయిపోయారు? నాకు సార్ ఇచ్చారు. ఇందులోవాడు ఎలా నిలబడ్డాడో, ఎలా చెమట తుడుచుకున్నాడో అచ్చం అలాగే గియ్యమన్నారు. ఏదో పాత కార్యక్రమం అనుకున్నాను. అందులో ఆఖరున తెర నల్లగా అయిపోతుంది. అంతకుముందు నిమిషన్నరసేపు ఉత్తి నీళ్ళు. ఏమీ జరగదు. ఎవరూ రారు. నాకు అదే అర్థం కాలేదు వదినా. ఎందుకు ఎవరూ రారు?"

 బదులు వదినకి తెలుసు. అప్పట్లో అందరి నోటా నానింది. స్టూడియోలో ఎర్రదీపం వెలుగుతున్నంతసేపూ వేదిక మీదికి ఎవరూ అడుగు పెట్టకూడదు. ఈతగాళ్ళు ఇద్దరు తొట్టి పక్కనే ఉన్నారు. దీపం ఆరలేదు. ఆరితే దూకేవాళ్ళు. కుర్రాడు మునిగింది ఆటలో భాగమనుకున్నారు. ఆ దీపం ఆర్పే మీట తన మొగుడి బల్ల మీద ఉంది.

అన్నీ చూస్తూ చెయ్యి కదపనివాడు దేవుడైనా సరే ప్రేక్షకుడే కదా, అనిపించింది ఆవిడకి. వెంటనే ఉలిక్కిపడి లెంపలేసుకుంది. తప్పు తండ్రీ, తప్పు. అయినా ఆ ఆలోచన వెనక్కి పోలేదు. దేవుడి వంతు ఇంకా ముగియలేదేమో, ఆయన కూడా మీట మీద వేలు పెట్టి ఆలోచిస్తున్నాడేమో అని మరో ఆలోచన దాని పక్కన వచ్చి కూర్చుంది.

నాలుగున్నర దాటాక మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది. మరిది వచ్చాడు. నలభై నాలుగేళ్ళ మనిషి, బట్టతల, చొక్కా జేబులో ఎప్పుడూ మూడు పెన్నులు. చేతిలో అట్ట ఫైలు. మొహం వెలిగిపోతోంది.

"వదినా, అంతా అయిపోయింది. సోమవారం పొద్దున విడుదల. నీ సంతకం ఒక్కటే తక్కువ. 'ఆడి చూశాను, బాగుంది' అని రాసి సంతకం పెట్టు. మిఠాయి తెప్పిస్తాను."

"సంతకం పెట్టను."

"ఏం?"

"ఇందులో తప్పుంది. ఏడో నంబరు బతకడు."

"అది తప్పు కాదు వదినా. ఆటలో ఒకడు పోవాలి. లేకపోతే పోటీ ఏముంటుంది?"

"ఒకడు పోతే పోనీ నాయనా. ఒక్కోసారి ఒక్కొక్కడు పోతే అది ఆట. ప్రతిసారీ వాడే పోతే అది ఆట కాదు. నువ్వేదో రాసిపెట్టావు." వదిన నోటుపుస్తకం తెరిచి ముందుకు తోసింది. "ముప్పయ్యేడుసార్లు. ఇదిగో, ఇరవయ్యో ఆటలో మిగతా పదకొండుమందినీ వాడికోసం నీళ్ళలోకి దింపాను. అయినా వాడే పోయాడు. ఎందుకు?"

మరిది ఫైలు బల్లమీద పెట్టాడు. "నువ్వు నిజంగానే ఇవన్నీ ఆడావా?"

"జీతం ఇస్తున్నావు కదా."

"వదినా, పెట్టుబడి పెట్టినవాళ్ళు సోమవారం దాకా ఆగుతారు. మంగళవారం ఆగరు. ఈ గది ఉండదు. ఈ పిల్ల ఉద్యోగం ఉండదు. నువ్వు ఒక్క నంబరు పట్టుకుని..."

"నా సంతకం నమ్మి ఆడేవాళ్ళుంటారు. వాళ్ళు రాత్రింబవళ్ళు వాణ్ణి బతికించాలని చూస్తారు. బతకడని నీకు ముందే తెలుసు. నాకూ తెలుసు. తెలిసి బాగుందని ఎలా రాయను? నిజం చెప్పు, పెడతాను. ఏ నిజమైనా సరే."

"ఏం నిజం?"

"ఈ టేపు నీ దగ్గరికెలా వచ్చింది?"

ఆ ప్రశ్నతో మరిది మొహంలో వెలుగు పోయింది. బొమ్మలమ్మాయి వంక చూశాడు. ఆ పిల్ల లేచి "టీ తెస్తాను" అంది.

"కూర్చో అమ్మా" అంది వదిన. "వాణ్ణి గీసింది నువ్వు. నీకూ తెలియాలి."

కింద మిషన్లు ఆగాయి. టైలరు ఎవరికో కొలతలు చెబుతున్నాడు. మరిది స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పెన్ను తీశాడు, మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు.

"ఆ రోజు నేను అక్కడే ఉన్నాను కదా వదినా."

"ఉన్నావని తెలుసు. టేపుల మీద చీటీలు అంటించే పని నీది."

"అన్నయ్య పక్కనే ఉండేది నా బల్ల." అతను వదిన కళ్ళలోకి చూడకుండా, తెరమీది ఏడో నంబరు వంక చూస్తూ మాట్లాడాడు. "కెమెరాలు నాలుగు. ఏది ఎప్పుడు చూపించాలో ఆ కుర్చీలోవాడి ఇష్టం. ప్రసారం ఆపేసే మీట కూడా ఆ బల్ల మీదే. ఎవడి చెయ్యి తగిలినా నొక్కుకోకూడదని దాని మీద ఇనప మూత. అక్కడ ఒక కట్టుబాటు ఉండేది వదినా. కుర్చీ ఒక్క క్షణం కూడా ఎవరిదీ కాకుండా ఉండకూడదు. లేచేవాడు 'నీది' అనాలి. కూర్చునేవాడు 'నాది' అనాలి. గట్టిగా, గదిలో అందరికీ వినబడేలా అనాలి. ఆ రెండు మాటలూ పడేదాకా కుర్చీ లేచినవాడిదే. 'నాది' అనని చెయ్యి ఆ మూత ఎత్తకూడదు. ఎత్తితే ఉద్యోగం పోతుంది. ఒకసారి ఇద్దరు చెరో మీటా నొక్కి ప్రసారం గందరగోళం చేశారట. అప్పటినుంచీ ఆ కట్టుబాటు."

"ఊఁ."

"ఎనిమిదో వంతు అయిపోయింది. ప్రకటనలు పడ్డాయి. రెండు నిమిషాలు. ఎవరో తలుపు తీసి అన్నయ్యని పిలిచారు. అన్నయ్య లేచి, 'ఇప్పుడే వస్తానురా' అని వెళ్ళాడు."

వదిన ఆ మాట దగ్గరే ఆగిపోయింది. లేచాడు. అయితే లేచాడు.

"రెండు నిమిషాలూ అయిపోయాయి. ఆయన రాలేదు. ఎర్రదీపం వెలిగింది. కెమెరాలవాళ్ళు నా చెవిలో అరుస్తున్నారు, ఎవరిది చూపించాలి, ఎవరిది చూపించాలి అని. ఎవడో ఒకడు నొక్కాలి కదా. నేను వెళ్ళి కూర్చున్నాను. రెండు, మూడు, ఒకటి, మళ్ళీ రెండు. అన్నయ్య నేర్పినట్టే నొక్కాను. బాగానే నొక్కాను వదినా. ఇరవయ్యారేళ్ళవాణ్ణి. లక్షలమంది చూసేది నా వేలి చివర ఉంది. కాస్త గర్వం కూడా వేసింది. అప్పుడు వాడు పడ్డాడు."

బొమ్మలమ్మాయి చేతిలో పెన్సిలు అలాగే ఉండిపోయింది.

"మూత మీద చెయ్యి పెట్టాను. ఎత్తలేదు. నేను 'నాది' అనలేదు. ఆయన 'నీది' అనలేదు. కుర్చీ ఆయనదే. ఆయనొచ్చి ఎత్తుతాడు అని తలుపు వంక చూశాను. నీళ్ళు చూశాను. తలుపు చూశాను. నిమిషన్నర. ఒక్క మాట అనడానికి ఎంతసేపు పడుతుంది చెప్పు? 'నాది' అంటే ఎత్తవచ్చు. అన్నానా, జరిగిందంతా నా నెత్తిమీద పడుతుంది. పరిగెత్తుకుంటూ అన్నయ్యే వచ్చాడు. నా భుజం మీంచి చెయ్యి చాపి మూత ఎత్తాడు. అప్పటికి..."

మరిది పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు.

"విచారణలో అడిగారు, కుర్చీలో ఎవరున్నారని. నేను నోరు తెరిచేలోపు అన్నయ్య 'కుర్చీ నాది, నేను లేవలేదు' అన్నాడు. ఆయన ఉద్యోగం పోయింది. కళ్ళజోళ్ళ కొట్టులో అద్దాలు అరగదీస్తూ కూర్చున్నాడు. నేను అదే స్టూడియోలో ఇంకో ఎనిమిదేళ్ళు చేశాను. వచ్చేటప్పుడు ఆ టేపు తెచ్చుకున్నాను."

వదినకి ఒక్కసారిగా చాలా సంగతులు అర్థమయ్యాయి. ఇంట్లో ఈ అన్నదమ్ములు పద్దెనిమిదేళ్ళుగా "భోంచేశావా", "చేశాను" తప్ప మూడో మాట ఎందుకు మాట్లాడుకోరో తెలిసింది. మరిది మీద ఆయనకి కోపమని ఇన్నాళ్ళూ అనుకుంది. తమ్ముడు ఎప్పుడైనా 'నాది' అన్న ఆ ఒక్క మాట అంటాడేమోనని ఎదురుచూస్తూ, వేరే మాటలన్నిటికీ దారి మూసుకుని కూర్చున్నాడన్నమాట ఆ మొండిమనిషి.

"మరి ఈ ఆటలో వాణ్ణి మళ్ళీ మళ్ళీ ఎందుకు చంపుతున్నావు?" అంది మెల్లిగా. కోప్పడాలని ఉంది. కానీ నిజంగా తెలుసుకోవాలనే ఎక్కువగా ఉంది.

"చంపడం లేదు వదినా. నాకు తెలిసినట్టు రాశాను. కెమెరాలన్నీ ఇచ్చాను, నీళ్ళిచ్చాను, తాళ్ళిచ్చాను. ప్రసారం ఆపే మీట మాత్రం పెట్టలేదు. పెట్టబోయాను. పదిసార్లు కూర్చున్నాను. పెడితే, నొక్కితే వాడు బతికేవాడని లోకమంతా చూస్తుంది. బతికేవాడు కదా! అది చూడలేక తీసేశాను."

"తీసేసి, ఎవరైనా కనిపెడతారేమోనని నన్ను తెచ్చి కూర్చోబెట్టావు."

"నువ్వు కనిపెట్టవనుకున్నాను."

"అబద్ధం. ఆటలు తెలిసినవాళ్ళని పెట్టుకుంటే వాళ్ళు గెలుపు చూసుకునేవాళ్ళు. ఒక్కణ్ణి పట్టుకుని ముప్పయ్యేడుసార్లు దేవులాడేది నేనేనని నీకు తెలుసు. పొయ్యిమీద పాలు పొంగితే ఎవరు మర్చిపోయారో తేలేదాకా నిద్రపోని మనిషిని నేను."

మరిది మొహం చేతుల్లో దాచుకున్నాడు. బొమ్మలమ్మాయి లేచి వచ్చి, ఏం చెయ్యాలో తెలియక, మంచినీళ్ళ సీసా అతని ముందు పెట్టింది. "సార్" అంది. ఇంకేమీ తోచక మళ్ళీ "సార్" అంది.

వదిన గోడగడియారం వంక చూసింది. అయిదుంపావు. అయ్యో అనుకుంది. రోజూ అయిదింటికి ఆయన కొట్టునుంచి వచ్చి కింద వీధిలో నిలబడతాడు. ఆవిడ దిగుతుంది. ఇద్దరూ కలిసి ఇంటికి నడుస్తారు. ఏడాదిలో ఒక్కరోజు కూడా ఆయన ఈ మెట్లెక్కలేదు. టీవీ ఉన్న గదిలోకే రాని మనిషి, తెరలతో నిండిన గదిలోకి ఎందుకొస్తాడు?

కానీ మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఒక మెట్టు, కాస్త ఆగడం, మరో మెట్టు. తలుపు దగ్గర ఆయన. చేతిలో సంచీ, వేళ్ళ సందుల్లో అద్దాల తెల్లపొడి.

"ఏమే, ఒంట్లో బాగానే ఉందా? పావుగంటనుంచి..." అన్నాడు. మాట సగంలో ఉండగానే ఆయన కళ్ళు తెరమీద పడ్డాయి. నీళ్ళు. స్తంభాలు. ఏడో నంబరు కుర్రాడు ఒక కాలి మీది బరువు రెండోకాలి మీదికి మార్చుకుంటున్నాడు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"అచ్చం అలాగే నిలబడేవాడు" అన్నాడు. "ఎవరు గీశారు?"

"నేనండీ" అంది బొమ్మలమ్మాయి, వినబడీ వినబడకుండా.

"బాగా గీశావమ్మా." ఆయన తమ్ముడి వంక చూశాడు. తమ్ముడు స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. చిన్నప్పుడు పలక పగలగొట్టినప్పుడు అలాగే నిలబడేవాడు.

"చెప్పేశాను అన్నయ్యా. వదినకి."

"ఎంతవరకు చెప్పావు?"

"అంతా."

"అంతా నీకేం తెలుసురా!" ఆయన గొంతులో కోపం లేదు. నవ్వులాంటిదేదో ఉంది. భార్య వైపు తిరిగాడు. "నువ్వేమిటి, అలా అయిపోయావు?"

వదిన ఇక ఆగలేకపోయింది. దేవుడి ముందు పద్దెనిమిదేళ్ళు పెట్టిన ప్రశ్నని మొగుడి ముందు పెట్టేసింది. "ఏమండీ, ఆ రోజు మీరు లేచింది నా ఫోన్ కోసమేనా? తాళంచెవి పోయిందని ఫోన్ చేశాను. మిమ్మల్ని పిలుస్తానన్నారు. సంచీలోనే ఉంది పాడు తాళంచెవి. ఇన్నాళ్ళూ అడగలేకపోయాను. ఆ కుర్రాడి ప్రాణం నేనే..."

"నువ్వు ఫోన్ చేశావా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఎప్పుడూ? నాకెవరూ చెప్పలేదే!"

"చెప్పలేదా?"

"ఇదిగో, ఇప్పుడు నీ నోటినుంచి వినడమే. పిచ్చిదానా, పద్దెనిమిదేళ్ళా?"

వదిన బల్ల అంచు పట్టుకుంది. ఒళ్ళు తేలికైపోయింది. తేలికవగానే, ఖాళీ అయిన ఆ చోట్లోకి కొత్త ప్రశ్న దూరింది. "మరి మీరెందుకు లేచారు? మిమ్మల్ని బయటికి పిలిచిందెవరు?"

ఆయన సంచీ కింద పెట్టి, నెమ్మదిగా తెర దగ్గరికి వచ్చాడు. తెల్లపొడి అంటిన వేలితో ఏడో నంబరుని చూపించాడు.

"వీడే. మనిషిని పంపాడు. నాతో ఒక్క మాట చెప్పాలన్నాడు."

 "ఏం మాట?" అన్నారు వదినా మరిదీ ఒక్కసారే.

"చెబుతాను. ఈ మాట విచారణలో కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో విన్నాక, సంతకం పెట్టాలో వద్దో నువ్వే ఆలోచించుకో." ఆయన భార్యని లెమ్మని సైగ చేశాడు. వదిన లేచింది. కంప్యూటరు ముందు కుర్చీ ఖాళీ అయింది. తెరమీద తొమ్మిదో వంతు ఇంకా ముగియలేదు. "దానికి ముందు, ఒకటి అవ్వాలి. ఆ రోజు తొందరలో ఒక మాట అనకుండా వెళ్ళిపోయాను. తప్పు మొదట నాది. నేను ఆ మాట అని ఉంటే తమ్ముడికి ఆ మూత బరువయ్యేది కాదు. కూర్చోరా."

తమ్ముడు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అన్న కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు.

"నీది" అన్నాడు. గట్టిగా, గదిలో అందరికీ వినబడేలా.

తమ్ముడి పెదాలు కదిలాయి. మాట పైకి రాలేదు. అన్న ఒంగి చెవి ముందుకు పెట్టాడు, చాలా ఏళ్ళ కిందట కొత్తవాళ్ళకి పని నేర్పేటప్పుడు పెట్టినట్టు.

"వినబడలేదు."

"నాది, అన్నయ్యా" అన్నాడు తమ్ముడు. "నాది."